అట్టముక్క వెనక రాక్షసుడు

చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పనిచేసే రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నం అయిందంటే మేము యుద్ధాలు చేసేవాళ్ళం. మా కంపెనీలోనే పనిచేసే అన్న ఒకాయన కిరాయి ఇంట్లో, కింద బండల మీద సుద్దముక్కతో గళ్ళు గీసుకునేవాళ్ళం. అన్న కథ చెబుతూ రాక్షసుల్ని నడిపేవాడు. వదిన, ల్యాబ్‌లో నా పక్కన కూర్చునే దోస్తు, నేను తలా ఒక వీరుణ్ని నడిపేవాళ్ళం. పాచిక వేస్తే దెబ్బ తగిలిందో లేదో తేలేది. ప్రతి శత్రువు ప్రాణానికీ అన్న ముందే ఒక అంకె పెట్టుకోవాలి, దెబ్బ తగిలినప్పుడల్లా అందులోంచి కొంత తీసెయ్యాలి. ఆ లెక్కా, తన పాచికలూ మాకు కనబడకుండా బిస్కెట్ల డబ్బా అట్టను అడ్డం పెట్టుకునేవాడు.

నా వీరురాలు బల్లెం పట్టిన గొల్లామె. గళ్ళలో ఆమె ఒక సీతాఫలం గింజ. నవ్వేవాళ్ళు నవ్వండి, ఆ గింజంటే నాకు ప్రాణం. కంపెనీ మీటింగులో నేను నోరు తెరిస్తే "నువ్వుండమ్మా" అనేవాళ్ళు. ఆదివారం మాత్రం నేను వేసిన ఎత్తు మీదే యుద్ధం నడిచేది.

మక్తల్ దగ్గర మా ఊళ్ళో నాయిన గొర్లను వదిలేటప్పుడు దొడ్డి వాకిట్లో కాళ్ళు అడ్డం పెట్టి నిలబడేవాడు. మంద ఎంత తోసుకున్నా ఒక్కొక్కటే బయటికి రావాలి. ఒక ఆదివారం ఆడిన కోట పోరులో నేను మా గొల్లామెను గుట్టల సందులో అట్లాగే నిలబెట్టాను. రాక్షసులు ఎంతమందున్నా ఆమె ముందుకు ఒక్కడే రాగలడు, వెనక నుంచి వదిన వీరుడు బాణాలు వేస్తాడు. వారమంతా బస్సులో కూర్చుని ఆలోచించిన ఎత్తు, పారింది. ఆఖరున పెద్ద రాక్షసుడు వచ్చాడు. నేను తప్పుకుంటే వెనకవాళ్ళు చస్తారు. తప్పుకోలేదు. గొల్లామె పడిపోయింది, ఆ వెంటనే వదిన బాణానికి వాడు కూలాడు.

నేను ఏడ్చేశాను. ఓడినందుకు కాదు, ఆ చావు పనికొచ్చినందుకు. వదినా, దోస్తూ చాయ్ పెడతామని వంటింట్లోకి పోయారు. కళ్ళు తుడుచుకోవడానికి పోయారనుకున్నాను. "శెబాష్ చెల్లె" అన్నాడు అన్న. ఆ ఒక్క మాటతో ఎన్ని షిఫ్టులు నెట్టుకొచ్చానో.

కొన్నాళ్ళకు అన్న ఏదో పెళ్ళికి రామన్నపేట పోతూ, ఈ ఆదివారం ఆట నన్ను నడిపించమన్నాడు. నేను సంబరంగా అడిగాను. "అన్నా, కోట పోరుల పెద్ద రాక్షసునికి ప్రాణం ఎంత పెట్టినవ్?"

"ఎంతేంది చెల్లె? నేనేం పెట్టలె. మీరు అలిసిపోయిండ్రనిపిస్తే వాడు సచ్చిపోతడు."

"మరి నా గొల్లామె?"

"పాచిక నీ దిక్కే పడ్డది. కాని ఆమె సస్తే కథ మంచిగుంటదనిపించింది."

నాకేదో బహుమానం ఇచ్చినట్టు చెప్పాడు. ఒళ్ళు మండిపోయింది. నేను కాపాడింది ఎవర్ని? ఆపింది దేన్ని?

ఆదివారం అట్టముక్కను చింపి అవతల పడేశాను. రాక్షసుడి ప్రాణం చింతగింజల కుప్పగా అందరి ముందూ పోశాను. పాచికలు అందరి కళ్ళ ముందే వేశాను. వదిన వీరుడు చచ్చాడు, దోస్తు వీరుడూ చచ్చాడు. కుప్ప సగం కూడా తరగలేదు.

"మీ అన్న ఉంటే గిట్ల కాకపోతుండె" అంది వదిన, మూతి ముడుచుకుని.

ఇక ఆగలేక అన్న చెప్పిందంతా కక్కేశాను. వాళ్ళూ నాలాగే భగ్గుమంటారనుకున్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మాకు మొదటిసంది ఎరుకే" అంది దోస్తు. "నీకు చెప్పొద్దన్నడు అన్న. నువ్వు గంత నిజమనుకొని ప్లాన్లు చెప్తుంటే మస్తు ముచ్చటగుంటది."

ఏరుతున్న చింతగింజలు కింద పెట్టి అడిగాను.

"గొల్లామె సచ్చిననాడు మీరిద్దరు వంటింట్లకెందుకు పోయిండ్రు?"

వదిన తల వంచుకుంది. దోస్తు మాత్రం పెదవి ఎంత కొరుక్కున్నా నవ్వు ఆపుకోలేకపోయింది.