ఆయమ్మ నోరు తెరిచిన పరీక్ష

సృష్టికర్త వాక్కును ఒక్కటిగానే ప్రసాదించగా మానవులు దానిని పంచుకొని, ఏటికి ఎగువన ఒక భాషగా, దిగువన మరొక భాషగా వాడుకోసాగిన నాటి నుండి, రాజ్యాలు మారి, వంతెనలు కూలి మళ్లీ లేచి, కడకు పెద్దాసుపత్రి గోడమీద ‘వార్డు సిబ్బంది పర్మనెంటు కావాలంటే పదో తరగతి పాసై, రెండు భాషలూ మాట్లాడగలిగి ఉండవలెను’ అన్న నోటీసు వెలసిన ఉదయం వరకు, ఆ ఊళ్లో ఎవరి భాషలో వారు మాట్లాడడం, ఎదుటివారు తమ భాషలో బదులు చెప్పడం నిరాటంకంగా సాగుతూ వచ్చింది గనుక, ఆ కాలప్రవాహపు చిట్టచివరి పాయలో ఆడవారి వార్డు దుప్పట్లు మారుస్తూ బతుకుతున్న ఆయమ్మకు, తనకొక భాష రాదన్న సంగతి ఆ నోటీసు చదివేదాకా తెలియదు.

పదో తరగతితో చిక్కు లేదు. పెళ్లయ్యాక ప్రైవేటుగా కట్టి, లెక్కలు ఒకసారి పోయినా రెండోసారికి గట్టెక్కింది. చిక్కంతా దిగువ భాషతోనే. ఆమె పుట్టిల్లు ఎగువన, మెట్టినిల్లు దిగువన. అత్తగారు దిగువ భాషలో పని పురమాయించేవారు, కోడలు ఎగువ భాషలో “అలాగేనండీ” అనేది. ఒకరి మాట ఒకరికి పొల్లుపోకుండా అర్థమయ్యేది. ఒకరి భాష మరొకరు పలకవలసిన అగత్యం ఎన్నడూ కలగలేదు. కుట్టుమిషన్లు బాగుచేసే భర్త ఆ ఇద్దరి నడుమ ఏ భాషలోనూ నోరు విప్పేవాడు కాడు. ఆ ఇంటి శాంతికి అదే పునాది.

ఇప్పుడు ఆ మెకానిక్కుకు చూపు మందగించి సూదికన్ను కనబడడం లేదు. మిషన్లు మరో కొట్టుకు పోతున్నాయి. రెండు భాషలకూ పెట్టబోయే పరీక్ష తప్పినవారిని నెలాఖరుకు ఇంటికి పంపిస్తారని పెద్ద నర్సు చెప్పింది. అంటే పొయ్యి వెలగడమా, ఆరడమా అన్నది ఆయమ్మ నాలుక మీద ఆధారపడి ఉంది. ఆ నాలుక కదలడం లేదు.

అత్తగారు కూరలు తరుగుతూ గురుపీఠం అధిష్ఠించారు.

“నా భాషలో ఏదైనా అను.”

“అలాగేనండీ,” అంది కోడలు, ఎగువ భాషలో.

“నీ మొహం. నా భాషలోనే.”

కోడలు పెదవులు కదిపింది. మాట రాలేదు. వారమంతా ఇదే తంతు. పరీక్షనాడు గుమ్మం దాటుతుండగా అత్తగారు ఆశ వదులుకొని, “ఇన్నేళ్లుగా నా నోటివెంట వింటూనే ఉన్నావు కదే. అందులోంచే ఏదో ఒకటి అనిరా, పో,” అన్నారు.

పరీక్షించేది సూపరింటెండెంటుగారు. దిగువ భాషవారు. మంచం దిగనని మొండికేసే రోగిని ఏం చేస్తావని ఆయన తన భాషలో అడిగారు. ఆమె తన భాషలో చెప్పింది. అక్కడి నుండి మాట వార్డు కిటికీ గడియకూ, కారే కుళాయికీ, రెండంతస్తుల మధ్య తరచూ ఆగిపోయే లిఫ్టుకూ మళ్లింది. కుళాయి సంగతి చూస్తానని ఆయన మాట ఇచ్చారు. ఎంతో తృప్తిగా పాసని రాయబోతుండగా, పక్కనున్న గుమాస్తా దగ్గి, ఈవిడ ఇంతవరకు దిగువ భాషలో ఒక్క ముక్కా మాట్లాడలేదని సవినయంగా మనవి చేశాడు.

సూపరింటెండెంటుగారు వెనక్కి ఆలోచించుకొన్నారు. నిజమే.

“మా భాషలో ఒక్కటి చెప్పమ్మా. లేకపోతే సంతకం పెట్టలేను.”

ఆయమ్మ గోడకేసి చూసింది, ఫ్యానుకేసి చూసింది. చివరికి కళ్లు మూసుకొని, అత్తగారిని తలచుకొంది. నోరు తెరుచుకొంది.

“ముందు సరిగ్గా కూర్చో. ఏమిటా వంకర నడుము, కొడవలిలాగ? పొద్దున ఏమైనా తిన్నావా, టీనీళ్లు తాగి ఊరేగుతున్నావా? అడుగుతుంటే వినబడదూ?”

ఆయన నడుము తనంతట తానే నిటారయింది.

“తినలేదు.”

“ఎందుకు తినలేదు?”

“టైము కాలేదు.”

“నీకెప్పుడూ కాదు. ఆ కాగితాలు అవతల పారేసి లే.”

ఆయన లేచారు. గుమాస్తా ముందే లేచి ఉన్నాడు. ఆయమ్మ కళ్లు తెరిచి, జరిగింది చూసి, రెండు చేతులతో నోరు మూసుకొంది.

“ఇది ఎవరి దగ్గర నేర్చుకొన్నావమ్మా?” అన్నారాయన నిలబడే.

“మా అత్తగారి దగ్గరండీ,” అంది ఎగువ భాషలో.

ఆయన ‘ఉచ్చారణ నిర్దుష్టము. వినువారు తక్షణము ఆచరించుచున్నారు’ అని రాసి, సంతకం చేసి, తినడానికి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చిన ఆయమ్మకు తెరిచిన నోరు ఇంకా మూతపడలేదు. “ఉద్యోగం ఖాయమైంది. ఆ కూరలు అవతల పెట్టి లే. ముందు ఇంత తిను,” అంది దిగువ భాషలో, అత్తగారితోనే.

మెకానిక్కు చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి, కుర్చీని గుమ్మం వైపు జరుపుకొన్నాడు. ఆ ఇంట్లో అత్తగారిని అజమాయిషీ చేసినవారు అంతవరకు లేరు. ఆవిడ కూరల పళ్లెం పక్కకు జరిపారు. బదులు కోడలి భాషలోనే ఇవ్వాలని పట్టుదల కలిగింది కాబోలు. కానీ ఆ భాషలో ఆవిడ చెవిన పడినవి కోడలి జవాబులే.

“అలాగేనండీ,” అన్నారు అత్తగారు. “ఇదిగో, వస్తున్నానండీ.”

మెకానిక్కు కుర్చీని గుమ్మం వైపు ఇంకాస్త జరుపుకొన్నాడు.

పురమాయించే నోరూ, అలాగేనండీ అనే నోరూ ఆ ఇంట వంతులు మార్చుకొంటూ చిరకాలం వర్ధిల్లుగాక. ఆ మౌనికి మళ్లీ సూదికన్ను కనబడుగాక. ఆయమ్మ పరిచిన దుప్పట్ల మీద పడుకొన్నవారందరూ లెమ్మన్న వెంటనే లేచి, తమ కాళ్లతో తాము ఇళ్లకు నడిచిపోవుదురుగాక.