రోడ్డు మీద పడుగు

ఆ కాలపు మనిషినని తెలిస్తే చాలు, ఇప్పటి పిల్లలు అడిగే మొదటి మాట ఒకటే: "తాతా, నువ్వు ఏ దళంల ఉన్నవ్? జైలుకు పోయినవా?" మా ఈడు వాళ్లలో చాలామంది పోయారు. కొందరు అడవికి, కొందరు జైలుకు, కొందరు తిరిగి రాని చోటికి. నేను మాత్రం రోజూ సైకిల్ మీద చౌటుప్పల్ బడికి పాఠాలు చెప్పడానికి పోయాను. అయినా ఆ రోజుల్లో నేనూ ఒక ఉద్యమం నడిపానండీ. దానికి నాయకుణ్ణి నేనే, కార్యకర్తను నేనే, అప్పుడప్పుడూ జనాన్ని కూడా నేనే. ఆ ఉద్యమానికి ఉన్నది ఒక్కటే కోరిక, మిలిట్రీ లారీలు మా ఊరి దగ్గర జర చూసుకుని పోవాలని. ఇంత చిన్న కోరిక కోరి ఊరికి ఇంత చేటు తెచ్చిన నాయకుడు ఇంకొకడు ఉండడని నా నమ్మకం (ఉంటే ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలని ఉంది).

పోలీస్ యాక్షన్ అయింది, రజాకార్ల పీడ విరగడైందని ఊరూరా బెల్లం పంచుకున్నారు. నోట్లో ఆ తీపి పోకముందే చలికాలం వచ్చింది. రజాకార్లు పోయారు గానీ లారీలు పోలేదు. దళాల వాళ్లను వెతకడానికి కొత్త సర్కారు మిలిట్రీ దిగింది. మా ఊరు హైదరాబాదు నుంచి బెజవాడ పోయే పెద్ద రోడ్డు మీద, చౌటుప్పల్‌కు ఆమడ దూరంలో ఉంటుంది. మాది సాలోళ్ల వాడ. వాడ వెనక పొడవాటి మైదానం ఒకటి ఉండేది, తాతల నాటి నుంచి మేము పడుగులు చాపుకునే జాగా అదే. నేత ఎరగని వాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. చీరకు నిలువునా ఉండే పోగులన్నీ కలిపితే పడుగు. దాన్ని మగ్గం ఎక్కించేముందు వెదురు బొంగుల మీద పొడుగ్గా చాపి, గంజి పట్టించి, మూరెడు కుంచెతో అటూ ఇటూ నడుస్తూ దువ్వాలి. ఎండ ముదిరితే గంజి బిర్రబిగిసి పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకే ఆ పని తెల్లవారుతూనే, మంచు కురుస్తుండగా చేస్తారు. మొదలుపెట్టాక మధ్యలో ఆపే పని కాదది. మా మైదానంలో మిలిట్రీ వాళ్లు డేరాలు వేశారు. ఊళ్లో అంత పొడవున చదునుగా ఉన్న జాగా ఇక పెద్ద రోడ్డొక్కటే. అట్లా మా పడుగులు రోడ్డెక్కాయి.

పడుగుకు కావలసిన వేళా, రాత్రి గస్తీకి పోయిన లారీలు క్యాంపుకు తిరిగొచ్చే వేళా ఒక్కటే. మంచు ఎట్లా ఉండేదంటే, మన చేతిలోని కుంచె మనకే కనబడేది కాదు. లారీలకు అది ఏం పట్టింది? ఎవరో తరుముతున్నట్టు వచ్చేవి. చప్పుడు వినబడేసరికి మీద ఉండేవి. పడుగును బొంగులతో సహా ఎత్తి పక్కకు జరపాలంటే వాడ మగాళ్లంతా చేతులు వేయాలి. రెండు పడుగులు అప్పటికే చక్రాల కింద పడి నుగ్గయ్యాయి. ఒక ముసలాయన ఎగిరి కందకంలో పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నా సంగతి వేరే చెప్పాలా? బడికి పోయే దారిలో లారీ వచ్చిన ప్రతిసారీ సైకిల్‌తో సహా రోడ్డు దిగిపోయేవాణ్ణి. మంచి ధోవతి కట్టుకుని బయల్దేరి తుమ్మముళ్లతో బడికి చేరేవాణ్ణి. చిన్న పంతులు రోజూ ఎక్కడ పొర్లి వస్తున్నాడో పిల్లలకు అంతుపట్టేది కాదు.

మా బాపు పడుగు ఆ నెలాఖరుకు రోడ్డెక్కవలసి ఉంది. నూలు దొరకని రోజులవి. నూలిచ్చే ఆసామి కాళ్లావేళ్లా పడి తెచ్చుకున్నది అది. ఆ పడుగు పోతే మళ్లీ నూలు ఇచ్చేవాడు లేడు, నూలు లేకపోతే మా మగ్గానికి పని లేదు, మగ్గానికి పని లేకపోతే ఇంట్లో మా అమ్మకూ అవ్వకూ బాపుకూ ఏం చేయాలో తోచదు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. కళ్లు మూస్తే లారీ, తెరిస్తే పడుగు.

చదువుకున్న కొడుకు ఉండి ఏం లాభం అనిపించుకోకూడదని ఒక ఆదివారం వాడలో పంచాయతీ పెట్టించాను. లారీలు ఊరి బయట చిన్న వంతెన లాంటి మోరీ దగ్గర నుంచే హారన్ కొట్టాలని, అది వినగానే మనం పడుగు జరుపుకుంటామని, ఈ మాట క్యాంపులో నేనే మాట్లాడి వస్తానని చెప్పాను. అందరూ తలలూపారు. మా పెదబాపు (బాపుకు అన్న, పుల్లవిరుపు మాటలకు వాడలో పేరు మోసినవాడు) మాత్రం చుట్ట తీసి, "నీ మాట ఇంటానికి లారీకి చెవులున్నయారా?" అన్నాడు.

"లారీకి లేకుంటే ఏంది పెదబాపు, డ్రైవర్‌కు ఉంటయి గద."

"వానికి ఉన్న చెవులు ఇంజన్ తినేసింది. సరే పో. పోయినోనివి రా మల్ల, గదే పదివేలు."

వాడలో ఆనాటి నుంచి నా పేరు వకీలు. క్యాంపులో ఉన్న అధికారిని మేము మీసాల సాబ్ అనేవాళ్లం. మీసం భయపెట్టేది గానీ మనిషి పెద్దమనిషే. నా ఉర్దూ ఓపిగ్గా విన్నాడు, చాయ్ కూడా ఇప్పించాడు. "రోడ్డు మీద లారీ ఆపమంటే ఆపలేను. ఆగిన లారీల మీదనే మా వాళ్లను కాల్చిండ్రు. హారన్ అంటే కొట్టిస్త, దాంట్లో ఏముంది?" అన్నాడు ఉర్దూలో. నా కాళ్లు భూమ్మీద ఆనలేదు. వాడలోకి వచ్చి ఇక ఫికర్ లేదని చాటాను. అవ్వ నాకు దిష్టి తీసింది. ఆ దిష్టి ఎటు పోయిందో ఆ తర్వాత తెలిసింది.

బాపు పడుగు రోడ్డు మీద పరిచిన పొద్దున నేనూ అక్కడే ఉన్నాను. బడికి తయారై, సైకిల్ చెట్టుకు ఆనించి, నా హారన్ ఎట్లా మోగుతుందో విని పోదామని నిలబడ్డాను. వాడ మగాళ్లంతా బొంగుల దగ్గర సిద్ధంగా ఉన్నారు. బాపు ఆ చివరన కుంచెతో దువ్వుతున్నాడు. మోరీ దగ్గర హారన్ మోగింది. పొడుగ్గా, ఆగకుండా, చలిని కోసుకుంటూ వచ్చింది.

అంతే. ఒక్కరు పడుగు ముట్టుకుంటే ఒట్టు! అందరూ ఒకేసారి వెనక్కి తిరిగి కందిచేలోకి ఉరికారు. కిందటేడు రజాకార్ల లారీ మా ఊరి మీదికి వచ్చినప్పుడల్లా, ఊరి బయట నుంచే ఇట్లాగే హారన్ మోగించుకుంటూ వచ్చేది. అది వినబడితే మగవాడనేవాడు ఊళ్లో ఉండకూడదు. ఉంటే ఏమయ్యేదో రెండు ఇళ్లలో చూశాం. పట్టపగలు పంచాయతీలో కూర్చుని హారన్‌కు తలలూపినప్పుడు ఒక్కడికీ ఇది గుర్తు రాలేదు. తలకాయలు మరిచిపోయాయి గానీ కాళ్లు మరిచిపోలేదు. కందిచేలో బోర్లా పడుకుని, మొహం మట్టిలో పెట్టి, ఊపిరి బిగబట్టి ఉన్నాను. పక్కన ఎవరో రొప్పుతున్నారు. చూస్తే పెదబాపు.

"అరే వకీలూ, గిది నువ్వు పెట్టిచ్చిన హారనే గాదురా?"

"అవు పెదబాపు."

"మరి నువ్వెందుకు ఉరికినవ్?"

"అందరు ఉరికిండ్రని ఉరికిన."

"మేం నువ్వు ఉరికినవని ఉరికినం గదరా!" అని తల కొట్టుకున్నాడు.

అప్పటికే లారీ పడుగును ఎక్కేసింది. మేము తల ఎత్తి చూసేసరికి బొంగులు ఒకటొకటిగా పడిపోతున్నాయి, పోగులు చక్రాలకు చుట్టుకుపోతున్నాయి, ఆ చివరన లారీ దీపాల వెలుగులో బాపు ఒక్కడు, కుంచె ఉన్న చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు. డ్రైవర్ ఆయన్ను చూసి బ్రేకు తొక్కాడు. లారీ అడ్డంగా జారి, బాపుకు కొద్ది దూరంలో ఆగింది. ఆగీ ఆగకముందే సిపాయిలు దూకి, రోడ్డుకు అవతల కందకంలో పడుకుని తుపాకులు మా వైపు తిప్పారు. రోడ్డు మీద దారాలు కట్టి లారీని ఆపారంటే అది దళం పని కాక మరేమిటి అనుకున్నారు పాపం. ఇటు చేలో మేము బోర్లా, అటు కందకంలో వాళ్లు బోర్లా. ఎవరికి ఎవరంటే ఎక్కువ భయమో చెప్పడం కష్టం. నడుమ బాపు ఒక్కడే నిలువుగా ఉన్నాడు.

బాపును కాలుస్తారని నాకు ప్రాణం పోయింది. చేతులు పైకెత్తి లేచి, "చీరె సాబ్! చీరె! బాంబు కాదు, చీరె!" అని అరుచుకుంటూ పోయాను. (చదివిన ఉర్దూ అంతా ఎక్కడికి పోయిందో, తెలుగే వచ్చింది.) తుపాకులు దిగడానికి చాలాసేపు పట్టింది. నేను ఏడుస్తూ, "బాపూ, నువ్వెందుకు ఉరకలేదే?" అని అడిగాను. బాపు నన్ను వింతగా చూసి, "నేను ఉరికితే గంజి ఆరదారా?" అన్నాడు.

ఇరుసుకు తాడులా పేనుకుపోయిన పోగులను కోసెయ్యమని ఒక సిపాయి కత్తి తీశాడు. బాపు లారీ కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. "కత్తి వద్దు కొడుకా. తెగిన పోగు అతుకుత. కోసినంక ఏం అతకాలె?" అన్నాడు. ఆ సిపాయికి తెలుగు రాదు, బాపుకు ఇంకోటి రాదు. డ్రైవర్ పెద్ద తలపాగా ఉన్న పంజాబీ వాడు. ఏమనుకున్నాడో, కత్తి పక్కన పెట్టించి తనూ కిందికి దూరాడు. మంచు తడికి తడిసిన నేల మీద ఇద్దరూ పక్కపక్కన పడుకుని పోగులు విప్పారు. పొద్దు బాగా ఎక్కేదాకా విప్పారు. ఒకాయన విప్పుతుంటే ఒకాయన చక్రం మెల్లగా తిప్పాడు. బయటికి వచ్చినదాన్ని చూడడానికి వాడంతా మూగింది. నల్లగా, జిడ్డుగా, చిక్కుపడి, అది ఇక ఏ మగ్గం ఎక్కేదీ కాదు. బాపు దాన్ని ఒళ్లో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

ఆ సాయంత్రమే ఊళ్లో డప్పు కొట్టించారు. ప్రజల క్షేమం కోసం, ఇక మీదట రోడ్డు మీద ఎవరూ పడుగులు చాపరాదు, చాపితే జైలు. నేను మళ్లీ క్యాంపుకు ఉరికాను. మీసాల సాబ్ నన్ను చూసి నొచ్చుకున్నట్టే మాట్లాడాడు. "రోడ్డు భద్రంగా ఉండాలని నువ్వే గద అడిగినవ్? ఇప్పుడు భద్రమే" అన్నాడు. మా మైదానం సంగతి ఎత్తాను. డేరాలు తీసే హుకుం తన చేతిలో లేదన్నాడు. ఈసారి చాయ్ ఇవ్వలేదు. అట్లా నా ఉద్యమం ఫలించింది. లారీలకు మా వల్ల ఏ ప్రమాదమూ లేకుండా పోయింది.

వాడలో నన్ను ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! పడుగు చాపే జాగా లేక మగ్గాలు ఒకటొకటి ఆగిపోయాయి. పెదబాపు రోడ్డుకు కంకర కొట్టే కూలికి పోయాడు. చేతివేళ్లు పగిలి వచ్చి, "వకీలూ, ఈ రోడ్డు ఇంక నున్నగ చేస్తున్నం. లారీలు ఇంకింత జోరుగ పోతయట" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను తెల్లారకముందే సైకిల్ ఎక్కి పోయేవాణ్ణి.

బాపు కొన్నాళ్లు ఉత్త మగ్గం ముందు కూర్చుని చూశాడు. ఆఖరికి దేవరకొండ వైపు మా మేనమామల ఊరికి పోదామన్నాడు. అక్కడ గుట్ట కింద చదును జాగా ఉందట, లారీలు రావట. నేను బడి నౌకరీ కోసం చౌటుప్పల్‌లో అర్ర కిరాయికి తీసుకుని ఉండాలి. మగ్గం విప్పి బండిలో వేశారు. దాని మీద అవ్వ, అమ్మ కూర్చున్నారు. బాపు తోలుతున్నాడు. పెద్ద రోడ్డు దిగి దేవరకొండ బాట పట్టేదాకా, మంచులో లారీల నుంచి బండిని కాపాడుకుంటూ ముందు నేను సైకిల్ మీద లాంతరు పట్టుకుని పోతున్నాను. ఎదురుగా లారీ చప్పుడైంది. లాంతరు ఊపాను. ఏ లారీ అయినా ఎప్పుడైనా ఆగిందా? అయినా ఊపాను.

ఆ లారీ ఆగింది. ఇంజను కూడా ఆపేశాడు. తలపాగా డ్రైవర్ దిగి వచ్చి, బండిలోని మగ్గం చెక్కలు చూశాడు, బాపును చూశాడు, తన భాషలో ఏదో మెల్లగా అన్నాడు. బాపు చెయ్యెత్తి దండం పెట్టాడు. డ్రైవర్ రోడ్డు అంచున నిలబడి మా బండిని పోనిచ్చాడు.

"బాపూ! చూసినవా? ఆగింది! నేను లాంతర్ ఊపితే లారీ ఆగింది!"

"ఆగింది బిడ్డా. ఇగ మనం పోవాలె. నడువు" అన్నాడు బాపు.

ఇల్లు వదిలి పోతున్న బండికి ముందు పోతూ, ఇన్నాళ్లకు గెలిచానని ఆ పొద్దున నేను నిజంగానే పొంగిపోయాను. సైకిల్ మీద ఈల వేసుకుంటూ పోయాను. వెనక బండిలో అమ్మ ఏడుస్తున్నదని రోడ్డు దిగి బండి ఆపేదాకా నాకు తెలియదు. అంత గట్టిగా ఈల వేసేవాడికి ఏం వినబడుతుంది? ఎన్నో ఏళ్లు ఆ కుర్ర వకీలు మీద నాకు మహా కోపంగా ఉండేది. ఇప్పుడు ఆ లాంతరూ, ఆ ఈలా, తుమ్మముళ్లు గుచ్చుకున్న ఆ ధోవతీ తలచుకుంటే వాడిమీద జాలేస్తుంది, కొంచెం నవ్వూ వస్తుంది.