డిక్కీలో చోటు

మా పాత కారుకి గ్యాసు కిట్టు పెట్టిద్దామని పట్టుబట్టింది నేనే. హైస్కూల్లో సైన్సు చెబుతాను. పెట్రోలు కంటే సహజవాయువు శుభ్రంగా మండుతుందని ఏటా బోర్డు మీద రాయడం, సాయంత్రం పెట్రోలు కారెక్కి కొవ్వూరులో మా ఇంటికి రావడం నాకు ఇబ్బందిగా ఉండేది. ఎలక్ట్రిక్ కారు కొందామంటే, ఉన్నది బాగానే నడుస్తోంది కదా అన్నారు మా ఆయన. కిట్టుకి మాత్రం ఒప్పుకున్నారు.

ఆయన మండలాఫీసులో గుమాస్తా. మా లూథరన్ గుడిలో హార్మోనియం వాయిస్తారు. ఆదివారం ఉదయం కొవ్వూరులో ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం జంగారెడ్డిగూడెం రోడ్డులో పామాయిల్ తోటల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఇంకో ఆరాధన ఉంటుంది. అక్కడికి అందరం మా కారులోనే వెళ్ళేవాళ్ళం. ముందు ఆయన పక్కన పాస్టరుగారు. వెనక పాస్టరుగారి భార్య, సంఘంలో ఒక పెద్దావిడ, నేను. డిక్కీలో హార్మోనియం.

రాజమండ్రిలో కిట్టు బిగించే షెడ్డుకి వెళ్ళినప్పుడు మెకానిక్కు డిక్కీ తెరిచి చూపించాడు.

"సిలిండరు ఇక్కడే పెట్టాలండి. ఇంక సామాన్లకి చోటుండదండి. ముందే చెప్తున్నాను."

మా ఆయన నావైపు చూశారు. నేను ఆ క్షణంలో హార్మోనియం గురించి ఆలోచించలేదు. "సామాన్లు మాకేం ఉంటాయండీ, పెట్టేయండి" అన్నాను.

ఆ వచ్చిన ఆదివారం హార్మోనియం ఇంట్లోనే ఉండిపోయింది. కారు పైన క్యారియరు పెట్టిద్దామన్నాను. ఎండకీ వానకీ రీడ్లు పాడైపోతాయన్నారు. ఆ ఊళ్ళో తాళాలు పట్టుకుని పాడించారు. ఆరాధన అయ్యాక ఒక ముసలావిడ ఆయన్ని అడిగింది.

"పెట్టి తేలేదేంటి బాబూ?"

"కారుకి గ్యాసు పెట్టించామండి. ఇంక దానికి చోటు లేదండి."

ఆయన మామూలుగానే చెప్పారు. నేను పక్కనే చెప్పులు వేసుకుంటున్నాను. ఆవిడకి కారూ గ్యాసూ అర్థమయ్యాయో లేదో గానీ, నా ముఖం మాత్రం చిన్నబోయింది.

ఇంటికొచ్చాక చెప్పాను, వచ్చే వారం నుంచి నేను బస్సులో వస్తాను, నా సీట్లో హార్మోనియం పెట్టుకోండి అని.

"ఎందుకు? నేను తాళాలతో నెట్టుకొస్తున్నాను కదా."

"వద్దండి. కిట్టు కావాలన్నది నేను. బస్సు కూడా నేనే ఎక్కుతాను."

జంగారెడ్డిగూడెం బస్సులో కిటికీ పక్కన చోటు ఎప్పుడో గాని దొరకదు. రోడ్డు మీద దిగి, తోటల మధ్య నుంచి ఊళ్ళోకి నడవాలి. మొదటి రెండు వారాలు కాళ్ళు నొప్పులు పుట్టాయి. తర్వాత అలవాటైంది. వాళ్ళు భోంచేసి బయల్దేరేలోపే బస్సెక్కి, కారు కంటే ముందే చేరి, గుడి కిటికీలు తెరిచి, చాపలు పరిచేదాన్ని.

ఒక శనివారం మా కొవ్వూరు బంకులో గ్యాసు లోడు రాలేదు. ఆదివారం ఆరాధన అవ్వగానే ఆయన అందరినీ ఎక్కించుకుని గ్యాసు కోసం బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళారు. నేను ఆ ఊళ్ళో చాపలు పరిచి గంటైనా కారు రాలేదు. ఫోన్ చేశాను.

"లైన్లో ఉన్నాం. అందరం దిగి ఎండలో నిలబడ్డాం."

"పెట్రోలు మీద వచ్చేయండి, కొంచెం ఉంది కదా."

"ఇంతసేపు నిలబడ్డాక ఇంక నాలుగు కార్లేగా, ఉండు."

ఆడవాళ్ళందరూ వచ్చి కూర్చున్నారు. తోట పనుల మధ్య అదొక్కటే వాళ్ళకి తీరిక. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని, ఆ వారం పాడాల్సిన కీర్తన నేర్పుతానన్నాను. నేనెప్పుడూ గుంపులో పాడినదాన్నే తప్ప, ముందుండి పాడినదాన్ని కాదు. నోటికొచ్చిన శ్రుతిలో ఎత్తుకున్నాను. మొదట ఇద్దరే అందుకున్నారు. నాలుగోసారికి అందరూ పాడుతున్నారు. పెట్టి తేలేదేంటని అడిగిన ముసలావిడ గొంతు అందరికంటే పైకి వినిపించింది.

కారు వచ్చింది. పాస్టరుగారు మమ్మల్ని ఆపొద్దని చేత్తో సైగ చేసి, వెళ్ళి కూర్చున్నారు. మా ఆయన హార్మోనియం దించి, మూత తీసి, వేళ్ళు పెట్టారు. మేం పాడుతున్నదాంట్లో కలవలేదు. ఎప్పుడూ ఆయన శ్రుతి ఇస్తే మేం అందుకునేవాళ్ళం. ఇప్పుడు ఆయన చెవి మావైపు వంచి, ఒక్కో మెట్టూ మెల్లగా నొక్కి చూసుకుంటూ వెతుకుతున్నారు. రెండో చరణం సగంలో దొరికింది. తల ఎత్తకుండా చివరిదాకా వాయించారు.

బయటికొచ్చాక అడిగారు. "ఏ శ్రుతిలో ఎత్తుకున్నావో తెలుసా?"

"నాకేం తెలుసండీ."

"ఐదు శ్రుతి దాటింది. మగాళ్ళెవరికీ అందదు." హార్మోనియం కారులో పెడుతూ, "వచ్చే వారం కూడా నువ్వే మొదలెట్టు, నేను చూసుకుంటాను" అన్నారు.

ఈ ఏడాది ఆ పాస్టరుగారికి బదిలీ అయింది. కొత్తాయనకి పెళ్ళి కాలేదు, సొంత ఎలక్ట్రిక్ స్కూటరు మీద వస్తారు. కాబట్టి కారులో నాకు సీటు ఉంది. ఒక ఆదివారం ఎక్కాను. ఏసీ, మెత్తటి సీటు, అన్నీ బాగానే ఉన్నాయి. మేం చేరేసరికి ఆడవాళ్ళు గుడి అరుగు మీద మాట్లాడకుండా కూర్చుని ఉన్నారు. కిటికీలు మూసే ఉన్నాయి.

మరుసటి వారం మళ్ళీ బస్సుకే వెళ్ళాను.