గుడ్డ సంచిలో ముడుపు

రంగూన్ స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఆరున్నర. అకాలపు వాన. రెండేళ్ళు కొండల్లో కాపలా కాసి వస్తున్నాను. వీపున మూట, చేతిలో బదిలీ కాగితం. నేను పుట్టింది ఈ ఊళ్ళోనే, పజుండౌంగ్ పేటలో. మా ఇళ్ళల్లో ఈ ఊరిని రంగం అంటారు. అప్పటికి సైన్యం దేశాన్ని ఏలడం మొదలుపెట్టి కొన్నేళ్ళయింది. మా తెలుగువాళ్ళు చాలామంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. సైన్యంలో ఉన్నవాళ్ళం వేళ్ళమీద లెక్క.

ఏడింటికి రిపోర్టు చేశాను. ఆరు నెలల డ్యూటీ. మామూలు బట్టల్లో ఒక మేజర్ వెంట రక్షణగా ఉండాలి. సార్జంట్ సామాను ఇచ్చాడు. ముప్పై ఎనిమిది బోరు రివాల్వరు, ఆరు గుళ్ళు, రెండు లుంగీలు, రెండు తెల్లచొక్కాలు, బొత్తాల బర్మా కోటు. తోలు ఒర ఇవ్వలేదు. నాడాలు కుట్టిన మందపాటి గుడ్డ సంచి ఇచ్చాడు. రివాల్వరు అందులో పెట్టి నడుముకు కట్టుకోవాలి, పైన కోటు కప్పుకోవాలి.

ఆర్డరు రెండు ముక్కలు. ఆయుధం ఎవరి కంటా పడకూడదు. ఒంటిని వదలకూడదు. తుపాకులు తేవద్దని రాసిపెట్టిన చోట్ల ఏం చెయ్యాలని అడిగాను.

"చెప్పులు విప్పు. నడుము కేసి ఎవడూ చూడడు," అన్నాడు సార్జంట్.

ఆ డ్యూటీలో నాకు నేర్పిన మర్యాద అంతే. కొండల్లో మా సెక్షన్ కమాండరు చదువురానివాడు. అయినా బౌద్ధ మఠం మెట్లెక్కే ముందు రైఫిళ్ళన్నీ కింద పేర్పించి, ఒకణ్ణి కాపలా పెట్టి, ఉత్త చేతులతో పైకెళ్ళేవాడు. అలా చెయ్యమని అతనికి ఎవరూ ఆర్డరివ్వలేదు. ఒకరి గడప నియమం నచ్చకపోతే బయటే నిలబడాలి. లోపలికి వెళ్ళాలంటే ఆయుధం బయట వదలాలి. మూడోది దొంగదారి. రంగూన్‌లో మేజర్ నన్ను రోజూ ఆ దారినే నడిపించాడు. చెప్పులు చేతబట్టుకుని పగోడా మెట్లెక్కాను. ఆసుపత్రిలో చంటిపిల్లల వార్డులో నిలబడ్డాను. పైన పటారం, లోన లొటారం. ఇప్పుడు పెళ్ళిళ్ళలో కుర్రాళ్ళు నా పక్కన చేరి, నడుముకు తుపాకి ఉంటే దర్జాగా ఉండేదా అని అడుగుతారు. ఒళ్ళు మండుతుంది.

నాలుగో నెలలో ఆషాఢం వచ్చింది. పజుండౌంగ్ అమ్మవారి పండగకు గుడి పెద్దలు మేజర్‌ని పిలిచారు. పిలవక ఏం చేస్తారు? ఊరేగింపుకి అనుమతి ఆయన చేతిలో ఉంది. ఆదివారం ఉదయం తొమ్మిదీ పదికి జీపు గుడి ముందు ఆగింది. డ్రైవరు వైర్‌లెస్‌లో చెప్పాడు: "ఒకటో బండి. గుడి దగ్గరున్నాం. వాన తగ్గింది."

గుమ్మం పక్కన చెక్క పలక. తెలుగులోనూ బర్మీసులోనూ రాశారు. చెప్పులు, తోలు వస్తువులు, ఆయుధాలు లోపలికి తేరాదు.

రివాల్వరు జీపులో పెట్టి తాళం వేయిస్తానని, డ్రైవరు కాపలా ఉంటాడని మేజర్‌ని బతిమాలాను. లోపలున్న ప్రతి మొహం నాకు తెలుసన్నాను.

"నీవాళ్ళంటే భయమా? సిగ్గా?" అన్నాడు.

రెండూ కావన్నాను. అబద్ధం. నడవమన్నాడు. తను మాత్రం నడుముకున్న తోలు బెల్టు విప్పి, మడిచి, భక్తిగా జీపు సీటు మీద పెట్టాడు. తోలు నిషేధం కదా! ఆ మనిషిని అక్కడే కాలరు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. ఆయన వెనకే లోపలికి వెళ్ళాను. తిలా పాపం తలా పిడికెడు, నా పిడికెడు నేనే పట్టాను.

గర్భగుడి ముందు మా పిన్ని పైడమ్మ పసుపు కలుపుతోంది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. ఆమె కొడుకు అప్పలసామి బోటాటౌంగ్ రేవులో మూటలు మోసేవాడు. బియ్యం దొరకడం లేదని నలుగురిలో గట్టిగా అన్నందుకు పట్టుకుపోయారు. మూడు నెలలుగా ఇన్సేన్ జైల్లో ఉన్నాడు. మేజర్ ఒక్క మాట చెబితే వదిలేవాళ్ళేమో. రోజూ జీపులో ఆయన వెనక రెండడుగుల దూరంలో కూర్చునేవాణ్ణి. ఒక్కసారీ నోరు తెరవలేదు.

పిన్ని నన్ను చూసి లేచి వచ్చింది. కోటు కింది బొత్తం ఊడి, గుడ్డ సంచి అంచు, నాడా ముడి బయటికి కనిపిస్తున్నాయి. వాటిని చూసింది. మొహం వెలిగిపోయింది.

"ముడుపు కట్టినావేటి నాయినా? తమ్ముడి కోసవేనా?"

మావాళ్ళు అమ్మవారికి మొక్కుకుంటే గుడ్డలో డబ్బు ముడివేసి నడుముకు కట్టుకుంటారు. చెల్లించేదాకా ఎవరికీ చూపరు, ఎవరితోనూ చెప్పరు. నాకు నోట మాట రాలేదు. అది కూడా నియమమే అనుకుంది.

"మాటాడకు, మాటాడకు. ముడుపు కట్టినోడు సెప్పకూడదు," అంది. మూడు వేళ్ళు పసుపులో ముంచి, కోటు అంచు ఎత్తి, సంచికి బొట్టు పెట్టింది.

వేళ్ళకి ఇనుము తగిలింది.

చెయ్యి ఆగిపోయింది. పిన్ని నా మొహం చూసింది. పూలదండ వేయించుకుంటున్న మేజర్‌ని చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. గుడి పెద్దలు నన్ను మెడబట్టి గెంటితే ఇంకా బాగుండేది. ఆమె కోటు అంచు కిందికి దించింది. ముడుతలు సర్దింది.

"కప్పుకో," అంది. "ఎవులూ సూడకుండా కప్పుకో."

నన్ను కాపాడింది. గుళ్ళోకి తుపాకి తెచ్చినవాణ్ణి, గుడి నియమం పక్కన పెట్టి కాపాడింది. మేజర్ ప్రసాదం తిన్నాడు, బాగుందన్నాడు. ఇరవై అయిదు నిమిషాలకు జీపెక్కాం. డ్రైవరు వైర్‌లెస్ తీశాడు: "ఒకటో బండి. తిరుగు దారి. అంతా సవ్యం."

సవ్యమట!

రెండు నెలలకు డ్యూటీ ముగిసింది. సామాను అప్పగించాను. సంచి మీద మూడు పసుపు గీతలు అలాగే ఉన్నాయి. సార్జంట్ పుస్తకంలో "మరక" అని రాసుకుని, బల్ల అవతల నిలబడ్డ కొత్తవాడికి దాన్ని ఇచ్చేశాడు. ఉతికిస్తానన్నాను. అక్కర్లేదన్నాడు. ఆ సంచి తరువాత ఎన్ని గుమ్మాలు దాటిందో నాకు తెలియదు.

ఆ ఏడాది చివర సైన్యం వదిలేసి పజుండౌంగ్ వెళ్ళాను. పిన్ని తలుపు తీసింది. అప్పటిదాకా నన్ను ఒరే, నాయినా అని తప్ప పిలిచి ఎరగదు.

"రండి బాబూ. కూకోండి," అంది.

పీట వేసింది, అన్నం పెట్టింది. కొడుకు గురించి నన్ను ఒక్క ముక్క అడగలేదు. అప్పలసామి ఆ మరుసటి ఏడు వాళ్ళు వదిలినప్పుడు వచ్చాడు, అందులో నా చలవేం లేదు. పిన్ని పోయేదాకా నాకు ఆ "బాబూ", ఆ "మీరు" తప్పలేదు.

కొండల్లో మనుషులు చావడం చూశాను. అవి మరుపుకొచ్చాయి. పసుపు ఆరని ఆ చెయ్యి నా కోటు అంచు కిందికి లాగి, ఇంట్లో పిల్లాడికి చొక్కా సర్దినట్టు సర్దడం మాత్రం ఒక్కరోజు కూడా మరుపుకు రాలేదు.