దారం కట్టిన సుద్ద

వికారాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే రాజేందర్ సారు రోజూ తాండూరు నుంచి రైల్లో వస్తాడు. కణవిభజన పాఠం ఉన్న రోజున మాత్రం జేబులో ఎర్ర దారం తెచ్చుకుంటాడు. దాన్ని కొత్త సుద్దకు కట్టి పైకెత్తి చూపిస్తాడు. "కణాన్ని చీలమనే ప్రొటీన్ ఇది. దీని పని అయిపోంగనె కణం గిట్ల గుర్తు కడ్తది, ముక్కలు చేస్తది" అంటూ టప్పున విరుస్తాడు. ముక్కలు పారెయ్యడు. కణం కూడా పారెయ్యదని చెప్పి, వాటితోనే మిగతా పాఠం రాస్తాడు.

ఈ ఏడూ దారం కట్టాడు. విరవబోతుంటే ముందు బెంచీలో కూర్చున్న శ్రేయ అడిగింది. "ఇరగకపోతే ఏమైతది సార్?"

కణం ఆగకుండా చీలి చీలి గడ్డవుతుందని ఇరవై ఏళ్లుగా తడుముకోకుండా చెప్పిన జవాబే. కానీ మొన్న హైదరాబాద్‌లో సారు భార్య భాగ్యశ్రీ కడుపులోని గడ్డను డాక్టరు ఆయనకు స్కానింగులో చూపించి, ఇక మందులు పనిచెయ్యవని చెప్పాడు. ఆ మాట సారు ఆమెకింకా చెప్పలేదు.

"రేపు చెప్త బిడ్డా" అన్నాడు సారు.

సుద్దను విరవలేదు. బోర్డు వైపు తిరిగి దానితోనే రాయడం మొదలుపెట్టాడు. రాసిన ప్రతి అక్షరాన్నీ వెనకే వేలాడుతున్న దారం చెరుపుతూ వచ్చింది.