లిస్బన్‌లో నేను పెట్టుకున్న గురుతు

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, మార్చి నెల రెండో గురువారం, ఉదయం తొమ్మిదింబావుకు నేను లిస్బన్ రేవులో ఓడ దిగాను. టైము అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, మా సరంగు, అంటే ఓడ పనివాళ్ల మేస్త్రీ, గడియారం చూసి పట్టీలో ఆ టైము వేయించి, పక్కనే నా బొటనవేలు అద్దించాడు. ఆ రోజుల్లో విశాఖపట్నం రేవులో ఓడ ఉద్యోగానికి చదువెంతని ఎవరూ అడిగేవారు కాదు. ముడి వేయగలవా, తాడు నిచ్చెన ఎక్కగలవా, ఓడ ఊగుతుంటే తిన్నది కడుపులో ఉంచుకోగలవా అని అడిగేవారు. ఆ మూడూ నాకు వచ్చు. అక్షరాలు మాత్రం యాభై దాటాక, మా పేట బడిలో సాయంత్రాలు పాఠం చెప్పే పంతులమ్మ దగ్గర దిద్దుకున్నాను. ఇందులో తప్పులుంటే సర్దుకోండి. సర్దుకోలేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకు కోపం లేదు.

నన్ను ఓడ ఎక్కించింది బావ. మా అక్క మొగుడు, భీమిలి మనిషి, అప్పటికే పదేళ్లుగా కలాసీ. మా అక్క వాళ్లింటికి వెళ్లింది గనక అతని చెల్లెలు మా ఇంటికి రావాలని కుండమార్పిడి మాట అనుకున్నారు. అయితే వాళ్ల నాన్న ఒక మెలిక పెట్టాడు. ఒక్క ప్రయాణమైనా సాంతం చేసి, పుస్తకంలో మంచి మాట రాయించుకుని వస్తేనే పిల్లనిస్తానన్నాడు. (ప్రతి కలాసీకీ ఒక ఉద్యోగం పుస్తకం ఉంటుంది. అందులో 'ఓడ తప్పిపోయాడు' అని ఒక్క ముక్క పడితే ఇంకే ఓడా ఎక్కనివ్వదు. నా విషయంలో పెళ్లిపీట కూడా ఎక్కనివ్వదు.) మాంగనీసు రాయి ఎత్తుకుని బయల్దేరిన మా ఓడ, పోర్చుగల్ దేశపు రాజధాని అయిన ఆ లిస్బన్‌లో రెండు రోజులు ఆగింది. ఆ గురువారం మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాలి. ఊరు చూసి వస్తామని నలుగురం అడిగాం. బావ, నేను, కాకినాడ నుంచి వచ్చిన వంటమావ, అచ్యుతాపురం వైపు నుంచి వచ్చిన, మేం పొడుగు అని పిలిచే పొడగరి కలాసీ. సరంగు నిచ్చెన దగ్గర నిలబడి వేలు చూపించాడు.

"నలుగురు దిగతన్నారు. రెండు గంటలకి నలుగురే ఎక్కాల. ముగ్గురొచ్చినా ఒప్పుకోను, అయిదుగురొచ్చినా ఒప్పుకోను. ఈ కొత్తోడికి పూచీ నువ్వే, తెలిసిందా?" అన్నాడు బావతో.

ఊళ్లో చూడాల్సినవన్నీ అచ్చేసిన కాగితం ఒకటి రేవువాళ్లు ఇచ్చారు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం మాలో బావకొక్కడికే వచ్చు. నడుస్తూనే చదివాడు. "కొండ మీద కోట. నది ఒడ్డున తెల్ల బురుజు. రాతితో తాళ్లు, ముళ్లు సెక్కిన పెద్ద సర్చి. ఒరే, ఈ ఊరోల్లేరా మనదేశానికి సముద్రం మీద దారి కనిపెట్టినారు!"

"మనం తప్పిపోనామేటి బావా, కనిపెట్టడానికి?" అన్నాను నేను.

వంటమావ నవ్వాడు. నాకు గర్వమేసింది. ఆ మాటకు తగిన శాస్తి మధ్యాహ్నానికే జరిగింది.

రేవు దాటగానే ఊరంతా ఎత్తే. మేడకీ మేడకీ మధ్య మెట్ల సందు ఒకటి పట్టుకుని ఎక్కాం. పైకి చేరేసరికి వంటమావకు ఆయాసం వచ్చింది. అక్కడే ఒక కొట్టు ముందు ముగ్గురూ కూలబడి కాఫీ చెప్పారు. కుంకుమ భరిణెంత కప్పులో వచ్చింది. ఆ కాస్త కాఫీనీ అరగంట చప్పరిస్తూ కూచున్నారు. కోట అవతలి కొండ మీద ఉందట. ఇన్ని సముద్రాలు దాటింది కూచోవడానికా అని నాకు ఒళ్లు మండింది.

"నాను కోట సూసొత్తాను. మీరిక్కడే ఉండండి."

"దారి తెలుసేట్రా నీకు?" అన్నాడు బావ.

"గురుతెట్టుకున్నాన్లే."

గురుతంటే ఏమిటో చెప్పాలి. మాది వలలు వేసే ఇల్లు. సముద్రం మీద చేపలు పడే చోటికి దారీ ఉండదు, రాయీ ఉండదు. అందుకని మావాళ్లు ఒడ్డు వైపు చూసి, ముందొకటి వెనకొకటి రెండు గురుతులు పట్టుకుంటారు. యారాడ కొండ కొస, దాని వెనక దీపస్తంభం. రెండూ ఒక గీత మీదికి వచ్చాయంటే అదే చోటు, వల దించొచ్చు. మా నాన్న ఏనాడూ తప్పలేదు. నేనూ అలాగే చేశాను. వెనక గురుతుగా ఒక చర్చి గోపురం పట్టుకున్నాను. ముందు గురుతుగా, కొట్టు పక్కనే వాలు మీద నిలబడి ఉన్న పసుపు రంగు చిన్న గదిని పట్టుకున్నాను. చెక్క గది, వరసగా కిటికీలు, లోపల బల్లలు. ఎవరో కాపలావాళ్ల గది కాబోలనుకున్నాను. ఊరంతటికీ అంత మంచి గురుతు ఇంకోటి కనిపించలేదు.

కోట నేను చూడలేదు. ఈ సంగతి మొదటిసారి ఒప్పుకుంటున్నాను. ఏ సందులోకి వెళ్లినా అది పైకి ఎక్కి, మలుపు తిరిగి, మళ్లీ కిందికే దించేది. నేను చూసిందల్లా కిటికీల్లో ఆరేసిన దుప్పట్లు, పిట్టగోడల మీద పిల్లులు. మలుపు మలుపుకూ గోడ మీద రాతి పలకలున్నాయి. ఇంటివాళ్ల పేర్లనుకున్నాను. అవి వీధుల పేర్లని ఎన్నో ఏళ్ల తరవాత తెలిసింది. ఒంటిగంట కొట్టారు. సరే, గోపురం చూసుకుని వెనక్కి వచ్చాను. గోపురం ఉంది. కొట్టూ ఉంది. పసుపు గది లేదు. కొట్టు ముందు బావా లేడు, ఎవరూ లేరు. అయితే ఇది ఆ కొట్టు కాదని తేల్చుకుని (గురుతు లేకపోతే ఆ చోటు కానట్టే కదా) ఇంకో సందులోకి పోయాను. తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాను. ఈసారి పసుపు గది ఉంది, కానీ వాలు మధ్యలో ఉంది! బావ చెల్లెలి మొహం, వాళ్ల నాన్న మీసం, పుస్తకంలో చెడ్డ ముక్క, అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి.

అప్పుడు కనిపించింది చేపలమ్మ. అరవై ఏళ్లుంటాయి. నెత్తిన చుట్టకుదురు, దాని మీద గంప, అచ్చం మా అమ్మలాగే. గంపలో కవళ్లు, మా వలల్లో పడే చిన్న వెండి చేపలే. అలవాటు కొద్దీ ఒకటి తీసి మొప్ప ఎత్తి చూశాను. ఎర్రగా ఉంది, మంచి సరుకే. తల ఊపాను. ఆమెకు నా మీద మర్యాద కలిగినట్టుంది, గంప దించింది. నా గోడు ఎలా చెప్పాలో తెలియక, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఓడ కూతలా "భోం" అన్నాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. తనూ "భోం" అని వాలు కిందికి చెయ్యి చూపించింది. నేను అడ్డంగా తల ఊపి పైకి చూపించాను. నాకు నా గురుతు కావాలి, గురుతు దగ్గర బావ ఉండాలి. ఆమె గంప నెత్తికెత్తుకుని, నా మణికట్టు పట్టుకుని మెట్ల మీద కిందికి లాక్కుపోయింది. నేను పైకి గుంజాను. ఆమే గెలిచింది.

సగం మెట్లు దిగామో లేదో, మా పక్కనుంచి పసుపు గది మెల్లగా కిందికి జారుకుంటూ వచ్చింది. కిటికీలో బావ తల.

"ఓర్నీ! ఏటైపోనావురా? ఆ ఆడమడిసెవులు?"

"బావా! ఇల్లు నడుత్తంది!"

"ఇల్లు కాదెహె, బండి! ఇనప తాడేసి లాగుతారు. నీకోసం రెండుసార్లెక్కి రెండుసార్లు దిగినాం. ముందు ఆవిడ సెయ్యొదులు! మా సెల్లికేటి సెప్పమంటావు?"

"నాను పట్టుకోలేదు బావా, ఆవిడే పట్టుకుంది!"

పక్క కిటికీలోంచి పొడుగు మెడ చాపాడు. "అయిదో మడిసిని సరంగు ఎక్కనివ్వడ్రోయ్!"

"ఊరుకోండి బాబూ, పెద్దావిడండి, తల్లిలాంటిది," అని వంటమావ లోపలి నుంచే చేతులు జోడించాడు.

ఆ బండి మనిషి నడకంత నెమ్మది. దాని పక్కనే నేనూ చేపలమ్మా మెట్లు దిగుతూ, కిటికీలోంచి బావ తిడుతూ, అందరం ఒకేసారి కిందికి చేరాం. ఎదురుగా నది. మా ఓడ పొగగొట్టం.

"దిగువకి దిగితే నీల్లే కదరా! నీకు గురుతెందుకు?" అన్నాడు బావ.

"సముద్రంలో ఎగువా దిగువా ఉంటాదేటి బావా?" అన్నాను. అది జవాబని నాకు ఈనాటికీ అనిపిస్తుంది.

రెండు కొట్టడానికి అయిదు నిమిషాలుండగా సరంగు మమ్మల్ని తలలు ముట్టి లెక్కపెట్టాడు. పుస్తకంలో మంచి మాటే పడింది. నా పెళ్లి అయ్యేదాకా బావ ఈ సంగతి దాచాడు. మూడో ముడి పడ్డాక పందిట్లో అందరికీ చెప్పాడు, నా "భోం" తో సహా. ఇప్పటికీ ఇంట్లో సంత సంచీ పట్టుకుని నేను గుమ్మం దాటితే మా ఇంటిది అడుగుతుంది. "దారి తెలుసా? లేకపోతే ఆ సేపలమ్మకి కబురెట్టమంటావా?" మనవలు కోట ఎలా ఉందని అడిగినప్పుడల్లా బ్రహ్మాండంగా ఉందని చెబుతూ వచ్చాను. ఇది చదివితే తిడతారు. తిట్టనీ.

ఆ రోజు అక్కడున్నది బావ, వంటమావ, పొడుగు, నిచ్చెన దగ్గర సరంగు, ఇరవై రెండేళ్ల నేను. బావ పోయి రెండేళ్లయింది. వంటమావ, సరంగు అంతకు ముందే పోయారు. పొడుగు ఇప్పుడు వంగిపోయాడు, నాకంటే పొట్టి. ఇంకా చేపలమ్మ. ఆమె పేరు అడగలేదు. అడిగినా, రాసిపెట్టుకోవడం అప్పటికి నాకు రాదు.