బజారంతా రాజవ్వ దుకాణమే

గునుగుపూల కట్టను గులాబిరంగు నీళ్లలో ముంచి తీసినప్పుడు ఒక వాసన వస్తుంది. పచ్చిగడ్డి, రంగు, వేడినీళ్ల ఆవిరి మూడూ కలిసి ముక్కు కొస దగ్గర కాస్త ఘాటుగా ఆగిపోయే వాసన. ఈ ఏడు బతుకమ్మ పేర్చడానికి ఇంటి వెనుక పొయ్యి మీద పాత గిన్నెలో రంగు కాగబెడుతుంటే, నా కూతురు ముక్కు మూసుకొని "అమ్మా, ఛీ, ఏం వాసననే ఇది!" అంటూ లోపలికి పరుగెత్తింది. నేను మాత్రం గిన్నె మీదికి వంగి కడుపునిండా పీల్చుకున్నాను. చిన్నప్పటి మా సిద్దిపేట పాత బజారు మొత్తం నాకు ఆ వాసనలోనే ఉంది మరి, ఏం చేయను!

బతుకమ్మ సెలవులు ఇచ్చారంటే మా పిల్లల గుంపుకు ఆ బజారే ఆటస్థలం. యాదగిరి రంగుల దుకాణంలో గోనెసంచుల నిండా గులాబి, ఊదా, ఆకుపచ్చ పొడులుండేవి. అతను పాత పేపరు ముక్కల్లో చిటికెడు చిటికెడు పొట్లాలు కడుతూ కడుతూ తానే ఒక బతుకమ్మలా తయారయ్యేవాడు, పండుగ రోజుల్లో అతను తుమ్మితే ఆ తుమ్ముకు కూడా రంగుండేది. ఆ పక్కన ప్యాలాల బట్టీ, ఇనుప మూకుడులో ఇసుక కాగి, గింజలు పటపటా పేలి, ఆ వేడి వాసనకు మా కాళ్లు వాటంతటవే ఆగిపోయేవి. బట్టల సేటు దుకాణంలో తెల్లదుప్పటి పరిచిన పరుపు, గంజి వాసన, దండెం మీద గొల్లభామ చీరలు. అంచు పొడుగునా నెత్తిన కడవ పెట్టుకొని వరసగా నడిచే ఆ గొల్లభామల్లో ఒక్కతైనా కడవ జారవిడిచిందేమోనని మేము కళ్లు చికిలించి వెతికేవాళ్లం. ఆ సేటు మెట్ల కింద మిషను పెట్టుకొన్న ఖలీల్ చాచా మా బొమ్మలకు గుడ్డముక్కలు ఏరుకోనిచ్చేవాడు. "సూదులుంటయ్ బిడ్డా, చూస్కొని ఏరుకో" అనేవాడు, మా వైపు చూడకుండానే, పెదవుల మధ్య దారం పట్టుకొని.

ఇక బిందెల నర్సిమ్లు! అబ్బో, ఆయన దుకాణం ముందు నుంచి నడవడానికి కూడా అనుమతి కావాలి. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, మనిషి కూర్చొని స్నానం చేసేంత గంగాళాలు, అన్నీ చింతపండుతో తోమి తళతళలాడుతుండేవి. ఆయన కంట్లో పడకుండా దూరి, గంగాళంలో తల పెట్టి మా పేర్లు మేమే అరుచుకుంటే, అవి పెద్దవాళ్ల గొంతుతో తిరిగివచ్చేవి. "ఏయ్, దూరం! ఏలిముద్రలు పడ్తయ్!" అని ఆయన గజం బద్ద పట్టుకొని లేచేలోపు మేము మా దుకాణంలో పడేవాళ్లం.

మాది గాజుల దుకాణం. మా తాత బతికున్న రోజుల్లో మలారం మోసేవాడు. గాజులను తాళ్లకు గుత్తులుగా గుచ్చి భుజాన వేసుకొనే మోతను మలారం అంటారు. దాన్ని వేసుకొని జగదేవ్‌పూర్ దాకా ఊరూరా తిరిగి తిరిగి చివరికి ఈ బజారులో ఒక జాగ కొని దుకాణం పెట్టాడు. ఆయన పోయాక నాయినమ్మ కూర్చుంది. గాజుల రాజవ్వ అంటే గజ్వేల్ వైపు పల్లెల్లో కూడా తెలియని ఆడది లేదు. పొడుగ్గా, చల్లగా, గుహలా ఉండే దుకాణం. ముందు పరదా, లోపల చాప, చాప మీద నాయినమ్మ ఎదురుగా ఒక ఆడమనిషి, ఆమె చెయ్యి నాయినమ్మ ఒళ్లో.

మట్టిగాజులు వేయడం మాటలు కాదు. చేతిని తట్టి, వేళ్లను కూడదీసి, బొటనవేలి మొదట్లో ఎముకను మెల్లగా లోపలికి ఒత్తి, గాజు సరిగ్గా ఆ ఎముక దాటే క్షణంలో నాయినమ్మ "మీ అత్త ఎట్లున్నదే?" అని అడిగేది. జవాబు చెప్పబోయేలోపు గాజు మణికట్టు మీద ఉండేది. కొందరు ఆ ప్రశ్నకే ఏడ్చేవారు. ఏడ్చి, "గాజు ఒత్తుకుందిలే రాజవ్వా" అని కొంగుతో తుడుచుకొనేవారు. అందుకే ఆ పరదా. తొడుగుతుండగా చిట్లిన గాజు మాదే, తొడిగించుకొనే ఆమెది కాదు. చివర ఎప్పుడూ ఒకటి కొసరు వేసేవాళ్లం. చిట్లిన ముక్కలు మా పిల్లలవి, కొవ్వొత్తి మంట మీద వంచి గొలుసులు చేసుకొనేవాళ్లం, వేళ్లు కాల్చుకొని చీవాట్లు తినేవాళ్లం.

ఒక ఏడాది బజారులో రోడ్డు వెడల్పు పని వచ్చింది. గోడల మీద ఎర్ర గీతలు పడ్డాయి, వానలు తగ్గాక దుకాణాల ముందుభాగాలు కూలాయి. నర్సిమ్లుది లోతైన దుకాణం, బట్టల సేటుదీ అంతే, వాళ్లకు బాగానే మిగిలింది. మాకు మిగిలింది మాత్రం వెనకగోడా, దాని ముందు బెత్తెడు జాగానూ. బాపు, అంటే మా నాన్న, దానికే ముచ్చటపడి ఇనుప షెట్టర్ చేయించాడు. బిగించాక చూస్తే ఏముంది! లోపల నాయినమ్మ కూర్చుంటే షెట్టర్ పడదు, షెట్టర్ వేస్తే నాయినమ్మ పట్టదు. బజారంతా నవ్వింది. ఆ రాత్రి బాపు అన్నం తినలేదు.

బతుకమ్మ మొదలైంది. చివరి రోజైన సద్దుల బతుకమ్మ దాకా మాకు ఊపిరాడనంత గిరాకీ ఉండే రోజులవి. ఆడవాళ్లు వచ్చారు, పాపం, రాకపోలేదు. కానీ నడిరోడ్డు మీద, పరదా లేకుండా, పోయే మగవాళ్లందరూ చూస్తుండగా నిలబడి చెయ్యి చాపడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఒక కోడలుపిల్ల ధైర్యం చేసి చాపింది. వెనుక నుంచి స్కూటర్ హారన్ కొట్టేసరికి ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది, గాజు చిట్లి మణికట్టు మీద నెత్తురు చుక్క పొడిచింది. నాయినమ్మ చేతిలో నెత్తురు చూడడం నాకదే మొదటిసారి. ఆ పిల్ల "పర్వాలేదవ్వా" అంటూనే, బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన ఫ్యాన్సీ దుకాణానికి పోయి, ఎవరికీ చెయ్యి ఇవ్వకుండా తనంతట తానే ఎక్కించుకొనే ఇనుప గాజులు కొనుక్కుంది. ఒకరి వెనుక ఒకరు అందరూ అటే పోయారు.

"అవ్వా, ఇగ చాలు" అన్నాడు బాపు ఆ సాయంత్రం. "గా సెల్‌ఫోన్ల పిలగాడు కిరాయికి అడుగుతుండు. ఇచ్చేద్దాం. నువ్వు ఇంట్ల కూసో."

"ఇంట్ల కూసుంటే నన్ను రాజవ్వ అని ఎవలంటర్రా? సద్దుల ముందురోజు దాక ఆగు. గప్పటికి సుత ఆడోళ్లు నాకు చెయ్యి ఇయ్యకపోతే తాళం నేనే తెచ్చి నీ చేతుల పెడ్త" అంది నాయినమ్మ.

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఇంట్లో కూర్చోవడం నేను ఊహించలేకపోయాను. రాజవ్వ లేని బజారు నాకు బజారే కాదు.

సద్దుల ముందురోజు పొద్దున్నే, అటక మీద దుమ్ముకొట్టుకొని ఉన్న తాత మలారం తాళ్లను నాయినమ్మ కిందికి దించింది. ఆకుపచ్చవి, ఎర్రవి, చిలకపచ్చ మీద చుక్కలవి గుత్తులు గుచ్చింది. బాపు గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "నాయిన భుజం కాయగట్టింది గా మలారంతోని. గా మోత తప్పాలెననే గదా దుకాణం పెట్టింది? మళ్ల బజార్ల పడి తిరుగుతవా? నలుగురు ఏమంటరు?"

"నలుగురు ఏమంటరో నాకెందుకురా? నలుగురి పెండ్లాలు ఏమంటరో గది చూడు" అని ఆమె అతని చెయ్యి కింద నుంచి వంగి దాటిపోయింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడ్డాను.

నేరుగా పోయింది ఎక్కడికనుకున్నారు? నర్సిమ్లు దగ్గరికే!

"నర్సిమ్లూ, నీ బిందెలు జర అటు జరుపు. చాప ఎయ్యాలె."

"ఏంది రాజవ్వా! నా దుకాణంల గాజులా? పండుగపూట నా గిరాకీ ఏం గావాలె?"

ఆయన గజం బద్ద వైపు చూశాడు, నేను వీధి వైపు చూశాను. ఇంతలో దుకాణం వెనుక ఇంట్లో నుంచి ఆయన భార్య అనసూయ వచ్చింది, చేతులకు నువ్వుల సత్తుపిండి అంటుకొని, చెంగుతో తుడుచుకుంటూ. "ఆయననెందుకు అడుగుతవ్ చిన్నమ్మా, నన్నడుగు" అని, తన చేత్తోనే చాప తెచ్చి బిందెల మధ్య పరిచి, దాని మీద కూర్చొని చెయ్యి చాపింది. నాయినమ్మ ఆ చేతిని ఒళ్లోకి తీసుకున్న తీరు నేను మరిచిపోలేను. నర్సిమ్లు కిందికి వంగి బిందెలు జరిపాడు.

అనసూయ చేతుల నిండా ఆకుపచ్చ గాజులు చూసి ఆమె తోడికోడళ్లు కూర్చున్నారు. వాళ్లను చూసి వీధిలో పోయేవాళ్లు కూర్చున్నారు. అందులో ఒకామె, తన వంతు వచ్చేదాకా ఊరికే ఉండలేక, ఎదురుగా ఉన్న బిందెలో ముఖం చూసుకొని, బొట్టు సర్దుకొని, ఆ బిందెనే బేరమాడి కొనేసింది. అంతే! బట్టల సేటు ఇదంతా తన పరుపు మీది నుంచి చూస్తున్నాడు. "రాజవ్వా! నర్సిమ్లు చాప గుచ్చుకుంటది, నా పరుపు మెత్తగుంటది, గీడికి రా!" అని కేకేశాడు. అక్కడ కూర్చున్నవాళ్లు గాజులకు సరిపడే జాకెట్టుబట్టలు తీయించారు, ఆ బట్టలు చాచా మిషను దగ్గరికి పోయాయి. "రాజవ్వకు పర్దా లేదా? హమ్ హై నా, మేం లేమా!" అంటూ చాచా ఎవరిదో కుట్టని చీరగుడ్డ తెచ్చి రెండు మేకులకు కట్టాడు. ఎరువుల దుకాణం ఆయన కూడా బస్తాలు పరిచి, "అవ్వా, మా దిక్కు సుత ఒక చూపు చూడు" అని బతిమాలితే మేమంతా పగలబడి నవ్వాం. యాదగిరి తన రంగు చేతులతో ఆడవాళ్లకు మంచినీళ్లు అందించి, గ్లాసులన్నీ గులాబి చేసిపెట్టాడు.

మధ్యాహ్నం దాటేసరికి నాయినమ్మ మలారంలో ఆకుపచ్చవి అయిపోయాయి. వరసలో ఇంకా వర్గల్ గుడికి పోయివస్తూ ఆగిన ఆడవాళ్లున్నారు. "అయిపోయినయా? గట్లెట్ల!" అని గోల మొదలైంది. అప్పుడు చూశాను. జనంలో దారి చేసుకుంటూ, చెమటలు కక్కుకుంటూ, భుజాన నిండు మలారంతో మా బాపు వస్తున్నాడు. సిగ్గుతో ముఖం కందగడ్డలా ఉంది. "ఓ రాజవ్వ కొడుకా, గిటు రా!" అని ఇటునుంచి ఒకరు, "ముందుగాల మా దిక్కు!" అని అటునుంచి ఒకరు. ఆయన తల్లి ముందు గుత్తులు దించి, "ఇంక కావాల్నా అవ్వా?" అని మాత్రం అడిగాడు. ఆమె తలెత్తకుండా, ఒకామె బొటనవేలు ఒత్తుతూ, "తే" అంది. చీకటిపడే వేళకు ఆయన గొంతెత్తి "గాజులో..." అని అరుస్తుంటే నేను ఎగిరి గంతులేశాను. తాళం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ సెల్‌ఫోన్ల పిలగాడు వేరే జాగ చూసుకున్నాడు.

మర్నాడు బతుకమ్మల చుట్టూ ఊరి ఆడవాళ్లంతా తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే, ప్రతి చప్పట్లో మా గాజులే మోగాయి. నువ్వులన్నం, పులిహోర ఆకులో పెట్టుకొని నాయినమ్మ పక్కన కూర్చొని విన్నాను. గర్వమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. ఆ ఏటి నుంచి ప్రతి ఏడూ సద్దుల ముందురోజు బజారులో షెట్టర్లు లేవకముందే చాపలు పరుచుకొనేవి.

ఇప్పుడు ఆ బజారు లేదు. ప్యాలాల బట్టీ చల్లారి ఎన్నేళ్లో. యాదగిరి దుకాణంలో రంగుపొడులు లేవు. నర్సిమ్లు బిందెలు పోయి, ఆయన కొడుకులు సోఫాలు పెట్టారు. ఖలీల్ చాచా లేడు, మెట్లూ లేవు. మా నాయినమ్మ కూడా పోయింది. చివరి రోజుల్లో ఎవరు చూడడానికి వచ్చినా ముందు వాళ్ల మణికట్టు తడిమేది. చెయ్యిని మరొకరి ఒళ్లో పెట్టి నమ్మకంగా వదిలేయడం కూడా పోయింది, నా బడిలో పిల్లలకు గాజంటే డబ్బాలో వచ్చే వస్తువు. మాకు మిగిలిన ఆ బెత్తెడు జాగాలో ఇప్పుడు గాజుల డబ్బాలు మాత్రం పడతాయి. ఏడాది పొడుగునా గజ్వేల్‌లో పాఠాలు చెప్పుకొనే నేను, సద్దుల ముందురోజు మాత్రం మలారం వేసుకొని బజారుకు వస్తాను.

ఈ ఏడు వచ్చేసరికి కొత్త కళ్లద్దాల షోరూం ఒకటి కనబడింది. అద్దాల తలుపులు, లోపల ఏసీ, ముందు మెరిసే టైల్స్. ఆ టైల్స్ మీద కొత్త చాప పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా ఇటుకలు పెడుతున్నాడు ఒక కుర్ర ఓనరు.

"చాపెందుకు పరిచినవ్ తమ్మీ?" అని అడిగాను.

"ఏమో అక్కా, నాకెరుకలేదు. మాది గీ ఊరు గాదు. కిరాయికిచ్చేటప్పుడే ముందటి ఆయన చెప్పిండు, సద్దుల ముందురోజు చాప పరువాలె, రాజవ్వ కాడికి ఆడోళ్లొస్తరు అని." అతను ఇటుక సరిచేసి, నా భుజం మీది గుత్తుల వైపు చూశాడు. "రాజవ్వ అంటె ఎవలక్కా? మీరేనా?"

మలారం దించి ఆ చాప మీద కూర్చున్నాను.

"చెప్త గని, ముందుగాల మీ ఇంటామెను పిలువు."